వయ్యారిభామ, పన్నెండు గంటలు

నా ఎన్నెస్సెస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్) డైరీలో మొత్తం 240 గంటల సేవ రాసి ఉంది. అందులో నేను నిజంగా ఒళ్లు వంచి చేసింది నూట యాభై గంటలుంటే గొప్ప. మిగతాదంతా మా మాస్టారి ఎర్ర ఇంకూ నా నీలం ఇంకూ కలిసి చేసిన సేవ.

మొన్న సంక్రాంతికి కాకినాడ వెళ్తే అమ్మ నాచేత అటక దులిపించింది. చిల్లుపడ్డ ఇత్తడి బిందె, నాన్నగారి రేడియో, చెదలు తిన్న ఇంటర్ పుస్తకాలు, వాటన్నిటికీ అడుగున ఈ డైరీ. ముదురు నీలం అట్ట, మధ్యలో కోణార్క్ రథచక్రం. అట్ట కింది మూల అరచెయ్యంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. మా అమ్మాయి దాన్ని వేలితో గీకి, "ఫంగసా నాన్నా?" అంది. ఫంగస్ కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మా అమ్మాయిది డిగ్రీ రెండో ఏడు. వాళ్లకిప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని ఒకటుంది. ఏదో ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చెయ్యాలి, లాగ్‌బుక్ రాయాలి, సంతకాలు పెట్టించుకోవాలి. ఆ పనిలో పండిపోయి ఉంది కాబట్టి నా డైరీని ఆడిటర్ చూసినట్టు చూసింది. నాలుగు పేజీలు తిప్పి, "ఎప్పుడు చూసినా కరెక్టుగా రెండు గంటలు, నాలుగు గంటలు. ఒక్కసారైనా గంటంబావు చెయ్యలేదా నువ్వు?" అని అడిగింది. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. నేనేం చెప్పను?

సేవ చేద్దామని నేను ఎన్నెస్సెస్‌లో చేరలేదు. 1995లో బీయస్సీలో చేరినప్పుడు ఎన్‌సీసీయా, ఎన్నెస్సెస్సా అని అడిగారు. ఎన్‌సీసీ అంటే తెల్లారగట్ల లేచి బూట్లకి పాలిష్ పెట్టుకోవాలి. ఎన్నెస్సెస్ అయితే చొక్కాకి బ్యాడ్జీ పెట్టుకుంటే చాలు, ప్రోగ్రాం అయ్యాక సమోసా, టీ ఇస్తారు అని మా వీధి సీనియర్ చెప్పాడు. పీజీ సీటుకి సర్టిఫికెట్ పనికొస్తుందని కూడా అన్నాడు. (నేను పీజీ చెయ్యలేదు. సమోసాలు మాత్రం తిన్నాను.)

మా ప్రోగ్రాం ఆఫీసరు బాటనీ మాస్టారు. అందరం పీవో గారనే పిలిచేవాళ్లం. సన్నటి మనిషి, లూనా మీద వచ్చేవారు, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. నీలంది పాఠానికి, ఎర్రది సంతకాలకి. మొదటి రోజు క్లాసులో మాచేత బట్టీ పట్టించిన ముక్కలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. 1969 సెప్టెంబరు 24న, గాంధీగారి శతజయంతి ఏడాదిలో ఎన్నెస్సెస్ మొదలైంది. అప్పటి కేంద్ర విద్యాశాఖ మంత్రి వీకేఆర్వీ రావు గారు మొదలుపెట్టారు. 37 యూనివర్సిటీలు, 40 వేల మంది విద్యార్థులు. బ్యాడ్జీ మీద చక్రానికి ఎనిమిది ఆకులు, రోజుకి ఎనిమిది జాములు. "అంటే ఏంటర్రా? ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండాలని" అనేవారాయన. ఆయన ఆ మాట అంటుండగానే బెల్లు కొట్టేవాళ్లు, క్లాసు ఖాళీ.

ఎన్నెస్సెస్ నినాదం "నాట్ మీ బట్ యూ". నేను కాదు, నువ్వు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర డబ్బులిచ్చే వేళకి మేమంతా ఆ నినాదాన్ని తూచా తప్పకుండా పాటించేవాళ్లం. మాతోపాటు హాస్టల్ కుర్రాడొకడు ఉండేవాడు, పొడుగోడు అని పిలిచేవాళ్లం. వాడిది గాడిమొగ వైపు, చేపల వేట చేసే ఇల్లు. ఆ నినాదానికి ఎక్కువసార్లు బలైంది వాడే.

ఏడాదికి 120 గంటలు, రెండేళ్లకి 240. ఆ లెక్క నిండితేనే సర్టిఫికెట్. లెక్క నింపడానికి మా కాలేజీకి ఉన్న అక్షయపాత్ర వయ్యారిభామ.

పేరుకి ఎంత సొగసో ఒంటికి అంత దురద ఆ మొక్క. గ్రౌండు చుట్టూ, సైకిల్ స్టాండు వెనకా నడుంలోతు పెరిగేది. పైన తెల్లటి చిన్న పూలు, దూరం నుంచి చూస్తే ఎవరో కావాలని వేసిన తోటలా ఉండేది. పీవో గారు బాటనీ మనిషి కదా, పూత రాకముందే వేళ్లతో సహా పీకాలనీ, చేతులకి పాలిథిన్ కవర్లు కట్టుకోవాలనీ, లేకపోతే దద్దుర్లొస్తాయనీ చెప్పేవారు. మేం పూత వచ్చి, గింజ రాలాకే పీకేవాళ్లం, ఎందుకంటే ఎన్నెస్సెస్ గ్రాంటు అప్పటికిగానీ వచ్చేది కాదు. ఆ గింజ మళ్లీ వానకి మొలిచేది. మళ్లీ పీకేవాళ్లం. కాలేజీ ఉన్నన్నాళ్లూ ఆ మొక్క ఉండాలి, ఆ మొక్క ఉన్నన్నాళ్లూ మా గంటలకి ఢోకా లేదు. సాయంత్రం నాలుగింటికి మొదలెట్టి, అయిదయ్యేసరికి గోక్కుంటూ సమోసాల దగ్గర తేలేవాళ్లం. డైరీలో మాత్రం "వయ్యారిభామ నిర్మూలన, 4 గంటలు". కింద ఎర్ర సంతకం. నిర్మూలన అనే మాట పీవో గారిదే.

ఇంతా చెప్పాక, నిజంగా చేసిన పని ఒక్కటైనా ఉందా అంటే ఉంది. 1995 డిసెంబరు 9, శనివారం. దేశమంతా ఒకే రోజున పిల్లలకి పోలియో చుక్కలు వెయ్యడం అదే మొదటిసారి. మూడేళ్లలోపు పిల్లలకి. మాకు ఉప్పుటేరు వంతెన దాటాక జగన్నాథపురంలో ఒక బడి ఇచ్చారు. బల్ల మీద ఐసు పెట్టె, పక్కన నర్సమ్మ గారు. సీసాలో మందు లేత గులాబీ రంగులో ఉంటుంది. పిల్లాడి బుగ్గలు రెండు వేళ్లతో నొక్కితే నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది, అందులో రెండు చుక్కలు. అది నర్సమ్మ పని. మా పని సందుల్లో తిరిగి పిల్లల్ని పోగెయ్యడం.

ఒక సందు చివర ఇంట్లో ఒక మామ్మగారు మనవణ్ణి చంకనేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. జొరమొస్తుందట, కాళ్లు చచ్చుపడతాయట, పిల్లలు పుట్టకుండా చేస్తారట. నేను చదివిన మ్యాథ్స్, ఫిజిక్స్, పీవో గారు ఇచ్చిన కరపత్రం ఏవీ పనిచెయ్యలేదు. చివరికి ఆవిడే అడిగింది, "ఇంతకీ ఎవరి తాలూకా బాబూ నువ్వు?" అని. ఇంటిపేరు చెప్పాను. తాతగారి ఊరు చెప్పాను. ఆ ఊళ్లో చెరువుగట్టు మీద రామాలయం పక్కిల్లా అంది. పక్కిల్లు కాదు, దాని వెనకిల్లు అన్నాను. "అయితే మన సూరమ్మొదిన తాలూకానే" అని తనే తేల్చేసి, చెప్పులేసుకుని, మనవడితోపాటు పక్కింటి ఇద్దరు పిల్లల్ని కూడా లాక్కొచ్చింది. ఆ సూరమ్మొదిన ఎవరో నాకు ఇవ్వాళ్టికీ తెలీదు. జనవరి 20న రెండో విడతకి వెళ్లేసరికి మా కంటే ముందే బడి దగ్గర కూచుని, వచ్చినవాళ్లని లైన్లో నిలబెడుతోంది.

2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ప్రకటించారని పేపర్లో చదివినప్పుడు నేను విశాఖలో బ్యాంకు కౌంటర్లో ఉన్నాను. పొడుగోడికి ఫోన్ చేశాను. వాడు వేటలో ఉన్నట్టున్నాడు, వెనక ఇంజను చప్పుడు. "ఒరేయ్, మనం పోలియో పోగొట్టాం తెలుసా" అన్నాను. "ఏంటీ, డబ్బు పోగొట్టావా?" అన్నాడు. అంతే, లైన్ కట్టయింది.

ఇక ఆ తెల్లమచ్చ సంగతి.

1996 నవంబరు 6, బుధవారం. పొద్దున్నుంచీ రేడియోలో తుపాను అంటూనే ఉన్నారు. కాకినాడ వాళ్లకి తుపాను అంటే సగం నిర్లక్ష్యం, సగం వేళాకోళం. కోరంగి రేవుని 1839 నాటి తుపాను తుడిచిపెట్టేసిందని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం, అంతకంటే ఏం చేస్తుందిలే అన్న ధీమా. చీకటి పడ్డాక కరెంటు పోయింది. ఆ తర్వాత గాలి అరుపు మారింది. ఊరంతా కలిసి ఒకేసారి చేటలు చెరుగుతున్నట్టు ఉంది. మాది పెంకుటిల్లు. పెంకు ఒక్కోటీ లేచి పక్కింటి గోడకి కొట్టుకుని పగులుతుంటే లెక్కపెట్టుకుంటూ కూచున్నాం. వీధి తలుపు గడియ ఊడిపోతే నాన్నగారూ నేనూ రుబ్బురోలు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టాం. అమ్మ దేవుడి గదిలో కూచుని మాటిమాటికీ "ఎన్నింటికి తగ్గుతుందిట?" అని అడిగేది, నాన్నగారి దగ్గర టైంటేబుల్ ఉన్నట్టు.

మాకు పెంకులే పోయాయి. తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. కోనసీమ వైపు, ఏటిమొగల్లో ఉన్న పల్లెల మీదికి ఉప్పెనొచ్చింది. వేటకెళ్లిన పడవలు వెళ్లినట్టే ఉన్నాయి. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప పేర్లు ఆ వారమంతా ప్రతి నోటా విన్నాను. అంతకుముందు ఆ ఊళ్లు ఎక్కడున్నాయో కూడా నాకు తెలీదు, మా ఇంటికి గట్టిగా యాభై, అరవై కిలోమీటర్లు.

ఎనిమిదో తారీకు సాయంత్రం పీవో గారు మా ఇంటికొచ్చారు. రోడ్ల నిండా చెట్లు, లూనా నడిచే దారి లేదు, నడిచే వచ్చారు. ప్యాంటు మోకాళ్ల దాకా బురద. లోపలికి రమ్మంటే రాలేదు. "ఏరా, బానే ఉన్నారా? రేప్పొద్దున్న ఆరింటికి రా. పాత బట్టలుంటే పట్రా" అని పక్క వీధికి వెళ్లిపోయారు. మొత్తం వంద మంది వాలంటీర్ల ఇళ్లకీ తిరగలేదు. ఎవరు వస్తారో ఆయనకి ముందే తెలుసేమో. వయ్యారిభామ పీకేటప్పుడు ఎవరు నిజంగా వంగేవారో చూసి ఉంటారు.

ఒక కల్యాణ మండపంలో పెద్ద పెద్ద గుండిగల్లో పులిహోర కలుపుతున్నారు. అన్నం, సాంబారు అయితే మధ్యాహ్నానికే పాచిపోతాయి. చింతపండు పులుసు, నూనె బాగా పట్టిన పులిహోర రెండ్రోజులు ఆగుతుంది, అందుకని. అడుగున బాదం ఆకు, పైన పేపరు, పురికొస. గంటకి ఎన్ని కట్టామో లెక్కలేదు. వేళ్లన్నీ పసుపు. పొట్లాలు కట్టే పని ఎక్కువగా మా క్లాసు ఆడపిల్లలదే. లారీ ఎక్కే లిస్టులో మాత్రం వాళ్లలో ఒక్క పేరూ లేదు. "మేం పొట్లాలు కట్టడానికే పనికొస్తామా సార్?" అని ఒకమ్మాయి గట్టిగానే అడిగింది. పీవో గారు తల వంచుకుని పురికొస తెంపుతూ ఉండిపోయారు. ఆ రోజుల్లో అంతే అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ అమ్మాయికి తట్టిన సంగతి మాలో ఒక్కడికీ తట్టలేదు. జనం ఇచ్చిన పాత బట్టల్లో ప్యాంట్లు, కోట్లు, పెళ్లిళ్లలో పెట్టిన ముతక జాకెట్టు ముక్కలు, ఆఖరికి ఒక స్వెటర్ కూడా ఉంది. వాటన్నిటినీ పక్కకి తోసేసి, మెత్తటి పాత నూలు చీరలు ఏరి, అడుగు వెడల్పున చింపి, మడతలు పెట్టి, విడిగా ఒక మూట కట్టింది. ఇవెందుకు అని పొడుగోడు అడిగితే, "మీ అమ్మనడుగు" అంది. మాకు అర్థమయ్యేసరికి చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్లో దిగాక ఆడవాళ్లు పులిహోర కంటే ముందు అడిగి తీసుకున్నది ఆ మూటే.

కాకినాడ నుంచి యానాం లారీలో వెళ్లడానికి మామూలుగా గంట చాలు. మాకు పూట పట్టింది. అడ్డంగా పడ్డ చెట్లని నరకడం, పక్కకి లాగడం, మళ్లీ ఎక్కడం. యానాం, ఎదుర్లంక మధ్య ఇప్పుడున్న బ్రిడ్జి అప్పుడు లేదు, పంటు మీదే గోదావరి దాటాలి. పంటు అవతలి రేవుకి దగ్గరవుతుంటే మాటలు ఆగిపోయాయి. కొబ్బరిచెట్లు పడిపోవడం కాకినాడలోనూ చూశాం. ఇక్కడ తోటలకి తోటలే ఒకే వైపుకి, దువ్వెన పెట్టి దువ్వినట్టు పడి ఉన్నాయి. కోనసీమలో కొబ్బరిచెట్టుని ఇంటికి పెద్దకొడుకు అంటారు. ఒక రైతు తన తోటలో పడిన మాను మీదల్లా చెయ్యి వేసుకుంటూ నడుస్తున్నాడు. పలకరించబోతే చెయ్యెత్తి ఆగమన్నాడు. లెక్క తప్పిపోతుందని.

ఐ. పోలవరం మండలంలో ఒక ఊరు మాకిచ్చారు. ఊరి పేరు రాయను. బడి ఒక్కటే పక్కా బిల్డింగు, అందులోనే పడక. నేను ఆ ఊళ్లో ఎక్కువగా చేసిన పని నూతులు బాగుచెయ్యడం. ఉప్పెన నీళ్లు దిగి నూతులన్నీ ఉప్పెక్కాయి, కొన్నిట్లో కోళ్లు, ఒకదాంట్లో మేక. ముందు తోడి పారబొయ్యాలి, ఊట రావాలి, అప్పుడు మందు కలపాలి. హెల్త్ డిపార్ట్‌మెంటాయన ఒకరు పద్ధతి నేర్పారు. బ్లీచింగ్ పౌడర్ని నేరుగా నూతిలో చల్లకూడదు. బకెట్లో కొంచెం నీళ్లతో జావలా కలపాలి, తర్వాత ఇంకాసిని నీళ్లు పోసి పది నిమిషాలు వదిలెయ్యాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు ఇంకో బకెట్లోకి వంపి, తాడు కట్టి నూతిలోకి దించి, నీళ్ల అడుగున పైకీ కిందికీ ఊపాలి. ఆ సున్నం నూతిలో పడిందా, నీళ్లు గట్టిపడి పప్పు ఉడకదు, జనం తిట్టుకుంటారు.

ఎంత పౌడరు వెయ్యాలన్నది నా పని. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, ఇప్పుడు దానికి రెట్టింపు వెయ్యమన్నారు. నూతి వెడల్పు తాడుతో కొలిచి, నీటి లోతు రాయి కట్టి చూసి, డైరీని నూతిగట్టు మీద పెట్టుకుని లెక్కగట్టేవాణ్ణి. పై ఆర్ స్క్వేర్ హెచ్. ఎనిమిదో క్లాసు నుంచీ ఆ ఫార్ములాతో నానా ట్యాంకుల్నీ నింపి, ఖాళీ చేసినవాణ్ణి. ఒక నిజం నుయ్యి ముందు నిలబడి ఆ లెక్క చెయ్యడం అదే మొదలు. చేతులు వణికాయి. తప్పితే ఎవరికో వాంతులవుతాయి. రెండో రోజో, మూడో రోజో పొడుగోడు బకెట్టు వంపుతుంటే చిలికి డైరీ మీద పడింది. చొక్కాతో తుడిచాను. సాయంత్రానికి నీలం అట్ట మూల తెల్లబడింది. చొక్కా కూడా తెల్లబడింది, దాన్ని అమ్మ మసిగుడ్డ చేసింది.

పదో తారీకు దీపావళి. మాకు గుర్తు లేదు. పీవో గారు గుర్తుచేశారు, ఇళ్లకి వెళ్లేవాళ్లుంటే పంటు దాకా దిగబెడతానన్నారు. ఎవరూ కదల్లేదు, అదేం గొప్పతనం కాదు, కదిలే ఓపిక లేదు. మామూలుగా అయితే ఆ వేళకి పిల్లలు గోగు కర్రలకి నూనె గుడ్డలు కట్టి దిబ్బు దిబ్బులు కొట్టాలి. కర్రలూ తడే, గుడ్డలూ తడే. ఊరంతా గాఢాంధకారం. కాసేపయ్యాక ఒకావిడ కొబ్బరిచిప్పలో నూనె పోసి వత్తి వేసి బయటికి తెచ్చింది. గుమ్మం ముందు పెట్టలేదు. ఏటిగట్టు దాకా నడిచి, గట్టు మీద రెండు ఇటికలు నిలబెట్టి, వాటి మధ్య గాలి తగలకుండా పెట్టి, అక్కడే కూచుంది. వాళ్లాయన ఆరో తారీకు కంటే ముందు వేటకి వెళ్లాడని పొద్దున్న విన్నాం. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూడా చిప్పలు తెచ్చి ఆ వరసలోనే పెట్టారు.

పొడుగోడు బడి అరుగు దిగి వెళ్లి ఆవిడకి కాస్త దూరంలో కూచున్నాడు. వాళ్ల చిన్నాన్న పడవ సంగతి కూడా ఇంకా తెలీదని ఆ రాత్రే మాకు తెలిసింది. రెండు రోజులుగా మాతో చెట్లు నరుకుతూ, బకెట్లు మోస్తూ ఒక్క మాట చెప్పలేదు. పీవో గారు వెళ్లి వాడి పక్కన కూచున్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు. చాలాసేపటికి ఆయన వెనక్కొచ్చి, "రేపు ముందు ఆవిడ నుయ్యి చూడండ్రా" అని పడుకున్నారు. చిన్నాన్న తర్వాత వారానికి వచ్చాడు, ఎక్కడో మడ అడవుల్లో చిక్కుకుని బతికాడట. ఆ దీపం పెట్టినావిడ భర్త రాలేదు.

పదకొండు రోజులున్నాం. వచ్చాక నాకు జొరం.

ఆ జనవరిలో పది రోజుల స్పెషల్ క్యాంపు జరిగింది. కొత్తగా జన్మభూమి మొదలైన రోజులు, ఎక్కడ చూసినా శ్రమదానమే. ఒక ఊళ్లో రోడ్డుకి గ్రావెల్ పోశాం, బ్యానర్ కట్టి ఫొటో దిగాం, రాత్రుళ్లు నాటకాలేశాం. రోడ్డు జూలై దాకా ఉంది. క్యాంపు గురించి ఇంకా చెప్పుకోవాలంటే వంకాయ కూరే, పది రోజుల్లో ఏడు రోజులు అదే.

మార్చిలో సర్టిఫికెట్ కోసం డైరీలు లెక్క చూశారు. నాకు పన్నెండు గంటలు తగ్గాయి. స్టాఫ్ రూంలో పీవో గారు ఒక్కరే ఉన్నారు. డైరీ ఆయన ముందు పెట్టి, "సార్, తుపానుకెళ్లినవి రాయలేదండి. అవి కలిపితే పన్నెండేంటి, ఇంకా మిగుల్తాయి" అన్నాను. నవంబరు పేజీ తీసి చూపించాను. "5-11-96, క్రోటన్ మొక్కలకు నీరు, 2 గంటలు." దాని కిందే, ఒక్క గీత కూడా వదలకుండా, "29-11-96, ఎయిడ్స్ దినం ర్యాలీకి ప్లకార్డుల తయారీ, 2 గంటలు."

ఆయన ఆ రెండు లైన్ల మీదా వేలు పెట్టి కాసేపు చూశారు. నేను మాత్రమే కాదు, ఆ ఊరు వచ్చిన పద్నాలుగు మందిలో ఎవరూ రాయలేదట. ఆయన కూడా అడగలేదు. నీళ్లకీ నిప్పుకీ లెక్క రాయించే మనిషి, సమోసాల బిల్లు పైసలతో సహా దాచే మనిషి.

"దానికి గంటలేంట్రా" అన్నారు.

కోపంగా అనలేదు. విసుగ్గానూ అనలేదు. నేనేదో అడగకూడనిది అడిగినట్టు నాకే చెవులు వేడెక్కాయి. డైరీ తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎర్ర పెన్ను తీసి, ఆఖరి పేజీలో తనే రాశారు. రాసి, ఆరేదాకా ఊది, నాకిచ్చారు.

మా అమ్మాయి ఆ పేజీ దగ్గర ఆగింది. పైకి చదివింది. "16-3-97. వయ్యారిభామ నిర్మూలన. 12 గంటలు." ఫోన్ తీసి ఏదో నొక్కి చూసి, నా వైపు తిప్పింది.

"నాన్నా, ఆ రోజు ఆదివారం."